గోడను పగలగొట్టే నీటిబొట్టు

పిల్లలూ, ఇంటి గోడకు శత్రువులు ఎవరని అడిగితే మీరేం చెబుతారు? వాన అంటారు, చెదలు అంటారు, గోడ సందులో మొలిచే రావిమొక్క అంటారు. చలి అని మాత్రం ఎవరూ అనరు. మనకు చలి అంటే దుప్పటి ముసుగుపెట్టి పడుకునే సంగతే గాని, గోడ పగిలే సంగతి కాదు గదా! కాని కెనడా దేశంలో టొరంటో నగరాన నివసిస్తున్న తెలుగు పిల్లలను అడిగి చూడండి. వాళ్ళు వేరే జవాబు చెబుతారు.

ఆ నగరంలో నూరేళ్ళు దాటిన ఇటుక ఇళ్ళు వీధుల వెంట బారులు తీరి ఉన్నాయి. అక్కడి డాన్ నదీలోయలో 1889లో ఒక ఇటుకల బట్టీ వెలిసి, ఆ లోయ మట్టితోనే ఇటుకలు కాల్చి నగరానికి ఇచ్చేది. శీతకాలం వెళ్ళి మంచు కరిగిన తరవాత అటువంటి పాత ఇంటి గోడ అడుగున చూస్తే, ఒక్కొక్కచోట ఎర్రని పెంకుల్లాంటి ముక్కలు రాలి ఉంటాయి. తలెత్తి చూస్తే కొన్ని ఇటుకలకు ముఖమే ఉండదు. పైపొర పెచ్చులుగా ఊడిపోయి, లోపలి మెత్తని మట్టి బయటపడి ఉంటుంది. సుత్తి పెట్టి ఎవరూ కొట్టలేదు. ఆ పని చేసింది నీరు.

ఇటుక చూడడానికి రాయిలా ఉంటుంది గాని, దాని నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలున్నాయి. కావలిస్తే మీరే పరీక్షించవచ్చు. బాగా ఎండిన ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్ళలో ఉంచి, పైన తుడిచి మళ్ళీ తూచండి. సామాన్యపు ఇటుక ఇలా నానినప్పుడు తన బరువులో అయిదోవంతుకు మించి నీరు పీల్చకూడదని మన దేశంలో ప్రమాణం పెట్టారు. అంటే మూడు కిలోల ఇటుక అర కిలో నీరు తాగినా మంచి ఇటుకకిందే లెక్క!

ఇక నీటి సంగతి. సాధారణంగా ద్రవాలు చల్లబడి గడ్డకడితే కుంచించుకుపోతాయి. నీటి తీరు వేరు. అది గడ్డకట్టేటప్పుడు పెరుగుతుంది. నూరు గ్లాసుల నీరు మంచుగడ్డ అయితే సుమారు నూటతొమ్మిది గ్లాసుల చోటు కావాలి. ఆ తొమ్మిది గ్లాసుల పెరుగుదలకు ఎంత బలమున్నదో 1784–85 శీతకాలంలో, ఆ కెనడాలోనే క్యుబెక్ నగరంలో, ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ఫిరంగిదళపు మేజరు పరీక్షించి చూశాడు. ఆయన బోలుగా ఉన్న ఇనుపగుండ్లను నీటితో నింపి, వాటి కన్నాలకు ఇనుప బిరడాలు గట్టిగా బిగించి, రాత్రి చలిలో ఆరుబయట పెట్టించాడు. ఒక గుండు బిరడా తుపాకి తూటాలాగా ఎగిరి నాలుగువందల అడుగులకు పైగా దూరాన పడింది. కన్నంలోనుంచి మంచుగడ్డ కొమ్ములాగా పైకి పొడుచుకు వచ్చింది. ఇంకొక గుండు బిరడా కదలలేదు, గుండే చీలిపోయింది. ఇనుమే ఆగలేకపోతే కాల్చిన మట్టి ఎంత?

అయితే ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. చలి దేశాలలో ఇటుకలన్నీ ఒక్క శీతకాలంలోనే పొడి అయిపోవాలి గదా, ఎందుకు కావడం లేదు? నీరు పెరగడానికి రంధ్రంలో ఖాళీ ఉంటే ఇటుకకు బాధ లేదు. రంధ్రం సగం నిండి ఉంటే, పెరిగిన మంచు మిగతా సగంలోకి జరుగుతుంది. పదింట తొమ్మిది వంతులకు మించి నిండినప్పుడే దానికి చోటు చాలక గోడను తోస్తుంది. పగలు ఎండకు ఆ మంచు కరుగుతుంది. అది చేసిన సన్నని బీటలోకి కొత్త నీరు చేరుతుంది. రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. అందువల్ల శీతకాలమంతా కరగకుండా బిగుసుకుపోయే చోటికంటె, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే చోటనే గోడలకు ఎక్కువ ముప్పు. టొరంటోలో ఒక్క శీతకాలంలోనే ఇలా ఎన్నోసార్లు జరుగుతుంది.

వట్టి చలి గోడను ఏమీ చేయలేదనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉన్నది. లదాఖ్‌లో లేహ్ పట్టణాన శీతకాలపు రాత్రుల చలి సున్నకు ఎన్నో డిగ్రీలు దిగువకు పోతుంది. అయినా అక్కడివారు తరతరాలుగా కాల్చని పచ్చి ఇటుకలతో ఇళ్ళు కట్టుకున్నారు. పదిహేడో శతాబ్దంలో రాయి, మట్టి ఇటుక, కలపలతో కట్టిన తొమ్మిది అంతస్తుల రాజభవనం ఆ ఊరి కొండమీద ఇప్పటికీ నిలిచి ఉన్నది. దానికి కారణం అక్కడ వాన బహు తక్కువ కావడమే. అదే లేహ్‌లో 2010 ఆగస్టులో కుంభవృష్టి కురిసి వరద వచ్చినప్పుడు మట్టి ఇళ్ళు ఎన్నో కూలిపోయాయి. కనక, చలిదేశంలో ఇల్లు కాపాడుకునేవాడు చలితో పోరాడి లాభం లేదు. గోడలోకి నీరు రాకుండా చూడాలి, వచ్చిన నీరు త్వరగా బయటికి పోయేటట్టు చూడాలి.

ఇందులో మొదటిది సులభమే. చూరుకు తగిలించిన రేకు కాలువలో ఆకులు నిండితే నీరు పొర్లి గోడమీదనే పారుతుంది. శీతకాలం రాకముందే ఆకులు తీసేయాలి. ఆ నీటిని దించే గొట్టం గోడ మొదట్లో కాక, దూరంగా నీరు వదలాలి. గోడకు ఆనుకొని మంచు కుప్ప పడితే పారతో జరిపివేయాలి. కిటికీ కింది రాతిపలక అడుగున సన్నని గాడి తొలిచి ఉంటుంది. దాని అవసరం తెలియాలంటే గ్లాసుతో నీళ్ళు నెమ్మదిగా వంచి చూడండి. నీరు తిన్నగా కిందికి పడక గ్లాసు వెలుపలి పక్కనే అంటుకొని జారుతుంది. పలక అడుగున కూడా అలాగే పాకి గోడను చేరుతుంది. గాడి దగ్గరికి రాగానే పాకలేక బొట్టుగా రాలిపోతుంది. ఎంత చిన్న ఉపాయమో చూడండి! ఆ గాడిని రంగుతోనో సిమెంటుతోనో పూడ్చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు దాని పని తెలియదు.

అన్నిటికంటె ఎక్కువ తడిసేది ఇంటికప్పుమీది పొగగొట్టం. దానికి నాలుగు పక్కలా వానే, పైనా వానే. పాత ఇళ్ళలో మొదట ఇటుకలు వదులయ్యేది అక్కడే. అందుకని దాని నెత్తిన వాలుగా, అంచులు బయటికి వచ్చేటట్టు టోపీలాంటి మూత వేస్తారు. పిల్లలు వదులుగా ఉన్న పొగగొట్టం కింద ఆడకూడదు.

మెట్లమీద మంచు కరగడానికి ఆ దేశాలలో ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇటుకలోకి దిగి, ఆరినప్పుడు రంధ్రాలలో స్ఫటికాలు కట్టి, అది కూడా ఇటుకను తోస్తుంది. కాలు జారకుండా ఉండడమే కావలిస్తే ఇసుక చల్లినా పని జరుగుతుంది.

రెండోదే కష్టం. గోడలోని నీరు బయటికి పోయేది ఎక్కువగా ఇటుకల మధ్య సందులలోనుంచి. ఆ సందులను నింపే సున్నం, ఇసుకల ముద్దను మన తాపీమేస్త్రులు మాలు అంటారు. పాతకాలంలో అక్కడా ఇక్కడా సున్నపుమాలే వాడారు. మన తాతలనాటి కట్టడాలకు ఎడ్లు తిప్పే గానుగలో సున్నమూ ఇసుకా నూరేవారు. సున్నపుమాలు ఇటుకకంటె మెత్తన. నీటిని తన గుండా బయటికి పోనిస్తుంది. గోడ ఎండకు పెరిగి చలికి తగ్గుతుంటే తానూ కొంచెం సర్దుకుంటుంది. దెబ్బ తగిలితే ముందు తాను అరిగి ఇటుకను కాపాడుతుంది. అరిగిన మాలు తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఊడిపోయిన ఇటుక ముఖాన్ని ఎవరు తెచ్చి పెట్టగలరు?

1824లో ఇంగ్లండులోని లీడ్స్ నగరపు తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. అది బలమైనది, త్వరగా గట్టిపడుతుంది. తరవాతి కాలంలో పాత ఇళ్ళకు మరమ్మతు చేసేవాళ్ళు, గట్టిది మంచిదేగదా అని సందులన్నీ సిమెంటుతో పూడ్చారు. చూడడానికి గోడ కొత్తగా ఉన్నది. కాని నీరు సిమెంటు గుండా పోలేక ఇటుకలోకే తిరిగింది. శీతకాలంలో అక్కడే గడ్డకట్టింది. కొన్నేళ్ళకు ఇటుకలు పెచ్చులూడి లోపలికి పోయాయి, సిమెంటు మాత్రం తేనెపట్టు గదుల గోడల్లాగా ముందుకు నిలిచి ఉన్నది! ఇటువంటి గోడలు ఆ దేశాలలో ఎన్నో కనిపిస్తాయి. తప్పు సిమెంటుది కాదు. ఇప్పటి గట్టి ఇటుకలకు సిమెంటు కలిసిన మాలు తగినదే. మెత్తని పాత ఇటుక పక్కన దాన్ని పెట్టడమే తప్పు. నీరు రాదని గోడకంతా జిగురు రంగు పూయడం కూడా ఇటువంటిదే. ఎక్కడో ఒక బీటలోనుంచి వచ్చిన నీరు రంగు వెనక చిక్కుకుంటుంది. పాత ఇటుకను ఇసుక చిమ్మే యంత్రంతో శుభ్రం చేయడం మరీ అన్యాయం. బట్టీలో గట్టిపడిన పైచర్మం కాస్తా పోతుంది.

మరి సందు ఎలా నింపాలి? ఇది పెద్దల పని, ఎత్తైన చోట అయితే తాపీమేస్త్రి పని. సున్నం కంట్లో పడితే కన్ను పోగలదు, చర్మం కాలుతుంది. మీరు చూస్తూ ఉండండి, చాలు. సందు వెడల్పుకు రెండున్నర రెట్ల లోతున పాత మాలు తీసెయ్యాలి. సెంటీమీటరు సందుకు రెండున్నర సెంటీమీటర్లన్నమాట. సన్నని ఉలితో ఓపికగా తీయాలి. విద్యుత్తుతో తిరిగే కోతచక్రం తొందరపాటు చేతిలో ఇటుక అంచులు తినేస్తుంది. ధూళి ఊడ్చి, ఇటుకను కొద్దిగా తడపాలి. లేకపోతే దాహం వేసిన ఇటుక కొత్త మాలులోని నీరంతా లాగేస్తుంది. ఒక్కసారిగా కూరకుండా పొరలు పొరలుగా నొక్కి నింపాలి. ఇటుక ముఖంమీదికి మాలు పూసుకుపోకూడదు, అంచుకు కొద్దిగా లోపలే ఆపాలి.

ఈ పని వసంతం చివరినుంచి శరత్తు మొదటిలోగా ముగించాలి. రాత్రులందు కూడా అయిదు డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గకూడదు. పచ్చిమాలులో నీరు గడ్డకడితే పడిన శ్రమ వృథా. తడి గోనెపట్టాలు వేలాడదీసి కొన్నాళ్ళు నెమ్మదిగా ఆరనిస్తారు. సున్నానికి అంత నిదానమెందుకంటారా? సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసుగాలి పోయి సున్నం వస్తుంది. గోడలో పెట్టిన తరవాత ఆ సున్నం అదే గాలిని వాతావరణంనుంచి మెల్లగా తిరిగి తీసుకొని మళ్ళీ రాయి అవుతుంది. అందుకు నెలలు పడుతుంది.

మరమ్మతు చేసిన గోడను వచ్చే వసంతంలో మళ్ళీ చూడాలి. గోడ అడుగున తెల్లని ఇసుక కొంచెం రాలి ఉంటే భయం లేదు, మాలు తన పని తాను చేస్తున్నదన్నమాట. ఎర్రని పెచ్చులు రాలి ఉంటే మాత్రం నీరు ఎక్కడినుంచి వస్తున్నదో చూరు దగ్గరనుంచి కిందివరకూ మళ్ళీ వెతకాలి.