తాళం చేతికొస్తే బండి మనదవుతుందా?

పల్లెల్లో పాత బండ్లు కొనేవాళ్లు చాలామంది. కూరగాయలు సంతకు తీసుకుపోవాలి. పాలు కేంద్రంలో పోయాలి. పిల్లల్ని బడి దగ్గర దింపాలి. కొత్త బండి కొనాలంటే డబ్బు చాలదు. అందుకని పాతది కొంటారు. డబ్బు ఇస్తారు. తాళం తీసుకుంటారు. ఇక బండి మాదే అనుకుంటారు.

కాని చట్టం తాళాన్ని చూడదు. ఒక కాగితాన్ని చూస్తుంది. దాని పేరు ఆర్.సి.

ఆర్.సి. అంటే ఏమిటి?

పొలానికి పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది కదా. బండికి ఆర్.సి. అలాంటిది. రవాణా శాఖ దీన్ని ఇస్తుంది. కొన్ని కాగితంగా ఉంటాయి. కొన్ని చిన్న కార్డుగా ఉంటాయి. ఇప్పుడు ఫోన్‌లో కూడా చూపించవచ్చు.

ఆర్.సి.లో ముఖ్యంగా చూడాల్సినవి ఐదు.

1. బండి నంబరు.
2. సొంతదారు పేరు, చిరునామా.
3. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు.
4. బండి మీద అప్పు ఉంటే, అప్పు ఇచ్చిన బ్యాంకు లేక ఫైనాన్సు కంపెనీ పేరు.
5. ఆర్.సి. ఏ తేదీ వరకు చెల్లుతుంది. సొంత వాడకం బండికి మొదట 15 ఏళ్లు ఇస్తారు. ఆ తర్వాత మళ్లీ రెన్యువల్ చేయించాలి.

ఆర్.సి. మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అది చూసి వెనక్కి తగ్గకండి. పేర్లు బడికి పోయే పిల్లల చేత చదివించుకోండి. అంకెలు మీకు వచ్చు. బండి మీద ఉన్న నంబర్లూ ఆర్.సి.లో ఉన్న నంబర్లూ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. ఛాసిస్ నంబరు బండి చట్రం మీద చెక్కి ఉంటుంది. చాలా మోటారు సైకిళ్లకు అది హ్యాండిల్ కింద మెడ దగ్గర కనిపిస్తుంది. ఒక్క అంకె తేడా ఉన్నా, చెరిపి రాసినట్టున్నా ఆ బండి కొనవద్దు. అది దొంగబండి కావచ్చు.

పేరు మారకపోతే ఏమవుతుంది?

ఒక అక్క సంతలో కూరగాయలు అమ్ముతుంది అనుకుందాం. ఆమె సంఘంలో 20 వేల రూపాయలు అప్పు తీసుకుంది. ఇంట్లో దాచుకున్న 5 వేలు కలిపింది. బ్రోకరు దగ్గర పాత మోపెడ్ కొన్నది. "కాగితాల సంగతి తర్వాత చూద్దాంలే అమ్మా, ముందు బండి తీసుకుపో" అన్నాడు బ్రోకరు. ఆమె తీసుకుపోయింది.

ఆరు నెలలు బండి బాగానే నడిచింది. ఒకరోజు ఇద్దరు మనుషులు వచ్చారు. "ఈ బండి మీద మా కంపెనీ అప్పు ఉంది. పాత సొంతదారు కంతులు కట్టలేదు" అన్నారు. ఆర్.సి. తీసి చూపించారు. అందులో ఎవరిదో పేరు. దాని కింద ఫైనాన్సు కంపెనీ పేరు. అక్క పేరు ఎక్కడా లేదు. బండి తీసుకుపోయారు. బండి పోయింది కాని సంఘం అప్పు పోలేదు. నెలనెలా కంతు కట్టాల్సిందే.

ఆ అక్క చేసిన తప్పేమీ లేదు, డబ్బు పూర్తిగా ఇచ్చింది అని మనకు అనిపిస్తుంది. కాని డబ్బు ఇచ్చినట్టు ఆమె దగ్గర రాత లేదు. అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం లేదు. ఆర్.సి.లో పేరు లేదు.

ఇంకో ముప్పు కూడా ఉంది. బండి దొంగలపాలైనా, పాడైనా బీమా డబ్బు అడగాలి కదా. బీమా పాత సొంతదారు పేరు మీదే ఉంటే, కొన్నవారికి నష్టపరిహారం ఇవ్వం అని కంపెనీ అనవచ్చు. అందుకే బండి కొన్న 14 రోజుల లోపల బీమా కూడా మీ పేరు మీదకు మార్చమని కంపెనీకి రాసి ఇవ్వాలి.

అమ్మినవాళ్లకూ ముప్పే

"మేం అమ్మేశాం, ఇక మాకేం సంబంధం?" అని కొందరు అంటారు. సంబంధం ఉంటుంది. ఆ బండి ఎవరికైనా గుద్దితే పోలీసులు ముందు ఆర్.సి.లో పేరున్నవారి ఇంటికే వస్తారు. చలాన్లు కూడా వారి పేరుకే వస్తాయి.

2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు చెప్పింది. ఒక కారు అమ్ముడుపోయి చాలా చేతులు మారింది. ఆర్.సి.లో మాత్రం మొదటి సొంతదారు పేరే ఉండిపోయింది. కారు గుద్ది ప్రాణం పోయింది. కారుకు బీమా లేదు. ఆర్.సి.లో ఎవరి పేరు ఉందో వారే సొంతదారు, పరిహారం వారే కట్టాలి అని కోర్టు చెప్పింది. అమ్మేసి ఏళ్లు గడిచినా ఆయనకు బాధ్యత తప్పలేదు.

కాబట్టి పేరు మార్పించడం కొన్నవారికీ మంచిదే, అమ్మినవారికీ మంచిదే.

పేరు ఎలా మార్చుకోవాలి?

ముందు అప్పు సంగతి తేల్చాలి. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరిందా అని అడగండి. తీరింది అని నోటితో చెబితే చాలదు. అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఉత్తరం, బ్యాంకు సంతకం చేసిన 35వ నంబరు ఫారం కావాలి. ఈ కాగితాలు ఇస్తేనే ఆర్.సి.లో బ్యాంకు పేరు తీసేస్తారు. అప్పటిదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి.

తర్వాత రెండు ఫారాలు కావాలి. 29వ నంబరు ఫారం "నేను బండి అమ్మాను" అని చెప్పేది. అమ్మినవారు సంతకం చేయాలి. 30వ నంబరు ఫారం "పేరు మార్చండి" అని అడిగేది. దానిమీద అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ సంతకాలు చేయాలి. వీటితోపాటు ఆర్.సి., బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్ నకళ్లు పెట్టాలి.

అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టి, ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళ్లే రోజు ఖాయం చేసుకోవాలి. ఆన్‌లైన్ సెంటర్లో ఈ పని చేసిపెడతారు. ఎంత కట్టినా రసీదు అడిగి తీసుకోండి.

గడువు గుర్తుపెట్టుకోండి. బండి ఒకే రాష్ట్రంలో చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. గడువు దాటితే జరిమానా పడుతుంది. అయినా పేరు మార్చుకోవచ్చు. ఆలస్యమైందని భయపడి ఊరుకోవద్దు.

వేరే రాష్ట్రం బండి అయితే ఆ రాష్ట్రం ఆర్.టి.ఓ. నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలి. దాన్ని ఎన్.ఓ.సి. అంటారు. ఇక్కడ మళ్లీ పన్ను కట్టాల్సి రావచ్చు. బండి చవకగా వస్తోందని కొనేముందు ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

ఖాళీ కాగితం మీద సంతకం వద్దు

కొందరు బ్రోకర్లు ఖాళీ 29, 30 ఫారాల మీద అమ్మినవారి సంతకం తీసుకుని దగ్గర పెట్టుకుంటారు. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. ఫారాలు మాత్రం ఆఫీసుకు చేరవు. ఆఖరున కొన్నవారు మొదటి సొంతదారును వెతుక్కుంటూ ఊళ్లు తిరగాలి. ఆయన సంతకం లేనిదే పని సాగదు.

కాబట్టి మీరు కొనేముందే ఆర్.సి.లో ఉన్న మనిషిని కలవండి. ఆయన చేత, మీ ఎదుట, పూర్తిగా నింపిన ఫారం మీద సంతకం పెట్టించండి. మీరు బండి అమ్మేటప్పుడు కూడా ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. మీకిప్పుడు సంతకం వచ్చు. దాని విలువ కూడా తెలుసు.

ఒక అమ్మకం కాగితం కూడా రాసుకోండి. అందులో బండి నంబరు, ధర, ఇచ్చిన డబ్బు, బండి చేతికిచ్చిన తేదీ, టైము ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. ఇద్దరూ చెరొక నకలు ఉంచుకోండి. ఈ కాగితం ఆర్.సి.కి బదులు కాదు. కాని రేపు గొడవ వస్తే చూపించడానికి పనికొస్తుంది.

సొంతదారు చనిపోతే?

భర్త పేరు మీద బండి ఉంది. ఆయన చనిపోయాడు. భార్య దాన్ని కొడుకుకు ఇస్తుంది. లేదా అవసరానికి అమ్ముకుంటుంది. పేరు మాత్రం చనిపోయిన మనిషిదే ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతోంది.

అలా వదిలేయకూడదు. మరణం సంగతి 30 రోజుల్లో ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలపాలి. 3 నెలల్లోపల 31వ నంబరు ఫారం మీద పేరు మార్పుకు అర్జీ పెట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వమంటారు. బండి మీ పేరు మీదకు వచ్చాకే అమ్మండి. అప్పుడు ధర గురించి మాట్లాడేదీ మీరే, సంతకం పెట్టేదీ మీరే.

2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించే వీలు కూడా ఉంది. బండి భర్త పేరు మీద ఉంటే నామినీగా మీ పేరు రాయించమని అడగండి. బండి డబ్బు మీరు కడుతుంటే ఆర్.సి. మీ పేరు మీదే చేయించుకోండి. సొంతదారుకు డ్రైవింగ్ రావాలని లేదు. నడిపేవారికి లైసెన్సు ఉంటే చాలు.

చర్చించుకోండి

1. మీ ఇంట్లో బండి ఉందా? ఆర్.సి.లో ఎవరి పేరు ఉంది? ఈ రోజే తీసి చూడండి.
2. ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉందా? అప్పు తీరినా ఇంకా అలాగే ఉందా?
3. మీరు అమ్మేసిన బండి ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? పేరు మార్చుకున్నారా?
4. మీ సంఘంలో ఎవరైనా బండికి అప్పు తీసుకుంటే, డబ్బు ఇచ్చేముందు ఏయే కాగితాలు చూడాలి? అందరూ కలిసి ఒక పట్టీ రాయండి.