పాతర గడ్డి: మే నెలలో పచ్చి మేత ఎక్కడి నుంచి వస్తుంది?

రెండేళ్ల కిందట మే నెలలో చోడవరం దగ్గర ఉండే మా పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మేశాం రా" అంది. ఎందుకు పిన్నీ అంటే పచ్చి మేత లేదు, ఎండుగడ్డి కొనలేం, పాలు తగ్గిపోయాయి అని చెప్పింది. అదే ఊళ్లో అక్టోబరులో గట్ల మీద ఎంత గడ్డో! అంటే మేత దొరక్క కాదు, దాచుకోక పోయింది ఆ గేదె.

ఈరోజు టాపిక్ ఆ దాచుకోవడమే. పాతర గడ్డి, మాగుడు గడ్డి, సైలేజ్... పేరేదైనా ఒకటే. చలి దేశాల్లో మంచు నెలల కోసం చేస్తారు. మనకు గండం ఎండాకాలం.

లాజిక్ సింపుల్. ఇడ్లీ పిండిని పులియబెట్టే లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియానే ఇక్కడా హీరో. గాలి లేని చోట మేతలోని చక్కెరను తిని ఆమ్లం చేస్తుంది. పీహెచ్ 4 దగ్గరకు దిగితే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల ఆట కట్టు. గాలి చొరబడనంత కాలం మేత పాడవదు.

మొక్కజొన్న బెస్ట్. గింజ పాలు పోసుకుని పిండి కట్టే టైంలో కోసి, 2 సెంటీమీటర్ల ముక్కలు చెయ్యాలి. గుప్పెట్లో పిండి చూడండి. నీళ్లు కారితే తడి ఎక్కువ, కాసేపు ఆరబెట్టండి. ముద్ద మెల్లగా విడిపోతే కరెక్ట్. నేపియర్ గడ్డి అయితే చక్కెర తక్కువ కాబట్టి వంద కిలోలకు 2 కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లుతారు. అనకాపల్లి పక్కనే కదా, బెల్లానికేం లోటు!

గొయ్యి ఎంత ఉండాలి? ఒక గేదెకు రోజుకు 15 కిలోలు, 90 రోజులకు 1,350 కిలోలు. ఘనపు మీటరుకు 500 కిలోల పైనే పడుతుంది. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒక మీటరు లోతు చాలు. నీళ్లు నిలవని మెట్ట చోట తవ్వి, ప్లాస్టిక్ షీట్ పరిచి, పొరలు పొరలుగా వేసి బాగా తొక్కాలి. అసలు పని ఈ తొక్కడమే. గాలి మిగిలితే బూజే. పైన షీట్ కప్పి మట్టి వేసి 45 రోజులు ముట్టుకోవద్దు.

తెరిచాక పుల్లటి మంచి వాసన, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు ఉండాలి. నల్లబడినా, బూజు పట్టినా పెట్టొద్దు. మొదట 5 కిలోలతో మొదలెట్టి మెల్లగా పెంచండి. పాలు పితికాకే పెట్టండి, లేకపోతే పాలకు వాసన పడుతుంది.

పోయిన ఏడాది పిన్నీ నేనూ కలిసి ఇదే చేశాం. అమ్మేసిన గేదె తిరిగి రాలేదు. ఉన్నదాన్ని మాత్రం ఈ మే నెలలో అమ్మాల్సిన పని పడలేదు. మీ ఊళ్లో గేదెలున్న వాళ్లకు ఈ ఎపిసోడ్ వాట్సాప్ చెయ్యండి, అక్టోబరులోపే. బై!