ఊరికొక ముల్లర్, వీధికొక ముల్లర్.. జర్మనీలో ఈ ఇంటిపేరు ఎందుకింత కామన్? మార్చుకుంటామంటే రూల్స్ కూడా ఓకే అంటాయి!

థామస్ ముల్లర్, గెర్డ్ ముల్లర్, మాక్స్ ముల్లర్, హెర్టా ముల్లర్.. ఫుట్‌బాల్ గ్రౌండ్ నుంచి రుగ్వేదం దాకా, అక్కడి నుంచి నోబెల్ వేదిక దాకా ఎక్కడ చూసినా ఇదే పేరు. వీళ్లంతా ఒకే ఫ్యామిలీనా అని డౌట్ రావడం సహజం. కానే కాదు. ఇంటిపేరు కలిసింది తప్ప చుట్టరికం ఏమీ లేదు.

జర్మనీలో అత్యధికంగా కనిపించే ఇంటిపేరు ముల్లర్. ఎనిమిది కోట్లు దాటిన అక్కడి జనాభాలో ఇంచుమించు వంద మందికి ఒకరు ముల్లరే అని అంచనా. పక్కనే ఉన్న స్విట్జర్లాండ్‌లోనూ ఇదే నంబర్ వన్. ఆస్ట్రియాలోనూ ముందు వరసలో ఉంటుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. జర్మనీలో ఇంటిపేరు నచ్చలేదని మార్చుకుంటానంటే కుదరదు. 1938లో వచ్చిన పేరు మార్పు చట్టం సవరణలతో ఇప్పటికీ అమల్లో ఉంది. బలమైన కారణం చూపిస్తేనే అధికారులు ఒప్పుకుంటారు. మరి ఏది బలమైన కారణం? ఆ వివరాలు చెప్పే నిబంధనల్లో ఓ మాట ఉంది. దేశమంతా విపరీతంగా వాడుకలో ఉండి, మనిషిని గుర్తుపట్టడానికి ఇక పనికిరాకుండా పోయిన పేరైతే మార్చుకోవచ్చు. అందుకు ఉదాహరణగా ఇచ్చిన పేర్లలో ముల్లర్ కూడా ఉంది!

ఒక మనిషిని పది మందిలో గుర్తుపట్టడానికి పుట్టిన పేరు, చివరికి ఎవరినీ గుర్తుపట్టనివ్వని పేరుగా ఎలా మారింది? అసలు కథ ఇదే.

పిండి మర నడిపేవాడే ముల్లర్

ముల్లర్ అంటే పిండి మర నడిపేవాడు. తెలంగాణ మాటలో చెప్పాలంటే గిర్నీ ఆయన. లాటిన్‌లో మోలెరె అంటే విసరడం, పిండి చేయడం. దాని నుంచి మొలీనా, అంటే మర. మర నడిపేవాడు మొలినారియుస్. ఈ మాటే పాత జర్మన్‌లోకి వచ్చి, అరిగి అరిగి ముల్లర్ అయింది. మనం రైస్ మిల్లు, పిండి మిల్లు అంటాం కదా.. ఇంగ్లిష్ నుంచి తీసుకున్న ఆ మిల్లు కూడా ఈ మొలీనా నుంచి వచ్చిందే. అంటే మన మిల్లూ, జర్మనీ ముల్లరూ మూలంలో ఒకే ఇంటి పిల్లలన్నమాట.

పలకడం మాత్రం మనకు కొంచెం కష్టమే. జర్మన్‌లో ఆ మొదటి అచ్చు మీద రెండు చుక్కలు ఉంటాయి. పెదాలను ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టి, లోపల ఈ అనాలి. ట్రై చేసి చూడండి. తెలుగులో ఆ శబ్దానికి అక్షరం లేదు. అందుకే ముల్లర్ అని రాసి సరిపెట్టుకుంటున్నాం.

సుమారు 12వ శతాబ్దం దాకా జర్మనీలో చాలామందికి ఒక్కటే పేరు. హాన్స్ అంటే హాన్సే. ఊళ్లు చిన్నవి కాబట్టి ఇబ్బంది రాలేదు. పట్టణాలు పెరిగాక ఒకే వీధిలో నలుగురు హాన్స్‌లు, ముగ్గురు పీటర్లు తేలారు. పన్ను ఎవరు కట్టారు, ఆస్తి ఎవరిది అని రాసుకునే గుమాస్తాలకు తలనొప్పి మొదలైంది. దాంతో పేరు పక్కన ఇంకో ముక్క చేర్చారు. తండ్రి పేరో, ఉండే చోటో, మనిషి తీరో, చేసే పనో. దక్షిణ, పశ్చిమ పట్టణాల్లో మొదలైన ఈ అలవాటు పల్లెలకు చేరడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఫ్రీస్‌లాండ్‌లో అయితే 1811లో నెపోలియన్ హుకుం వచ్చేదాకా చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు.

ఇప్పటికీ జర్మనీ టాప్ లిస్ట్ చూస్తే పాత ఊరి బజారులో నడిచినట్టే ఉంటుంది. ష్మిట్ అంటే కమ్మరి. ష్నైడర్ దర్జీ. ఫిషర్ చేపలు పట్టేవాడు. వేబర్ నేతగాడు. వాగ్నర్ బండ్లు చేసేవాడు. బెకర్ రొట్టెలు కాల్చేవాడు. షుల్ట్స్ ఊరి పెద్ద.

మరి వీళ్లందరినీ దాటి ముల్లర్ ఎందుకు ముందుకొచ్చింది? ధాన్యం పండే ప్రతిచోటా మర కావాలి. వాగు ఉన్నచోటల్లా ఓ మర వెలిసింది. కానీ ఒక ఊళ్లో మర నడిపేవాడు సాధారణంగా ఒక్కడే. మర హాన్స్ అంటే ఇక రెండో మనిషితో పొరపాటు పడే చాన్సే లేదు. ఊరికి ఒక్కడే, దేశంలో వేలమంది.. ఇంటిపేరు కావడానికి ఇంతకంటే మంచి లెక్క ఏముంటుంది? ఊరంతా రైతులే ఉన్నా, రైతు అని అర్థం వచ్చే బావర్ అనే ఇంటిపేరు ముల్లర్ కంటే చాలా వెనక ఉండటానికి కారణం ఇదే. అందరూ రైతులైతే ఆ మాటతో ఎవరిని గుర్తుపడతారు?

ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. కమ్మరి పేరు ష్మిట్, ష్మిడ్, ష్మిట్స్ అంటూ రకరకాల స్పెల్లింగుల్లో చీలిపోయింది. ముల్లర్ మాత్రం చాలావరకు ఒకే స్పెల్లింగ్‌లో నిలబడింది. ఫస్ట్ ప్లేస్ దక్కడంలో దీని పాత్ర కూడా ఉంది.

పేరు పెద్దదే.. మర్యాద మాత్రం తక్కువ

మర ఆయన అంటే ఊళ్లో దర్జాగా బతికేవాడు అనుకుంటాం. నిజం అంత సింపుల్ కాదు. చాలాచోట్ల మర జమీందారుది. అతని కింద ఉన్న రైతులు ఆ మరలోనే పిండి పట్టించుకోవాలి. పక్క ఊళ్లో బాగుందని వెళ్తే జరిమానా. మర ఆయనకు కూలి డబ్బుల్లో కాదు, ధాన్యంలోనే. కొలిచి కొంత తీసుకుంటాడు. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తరుగు గొడవలు చూసిన మనవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. ఎంత తీశాడు, ఎంత మిగిల్చాడు అని ఎప్పుడూ అనుమానమే. జమీందారు మీద కోపం కూడా మర ఆయన నెత్తినే పడేది.

ఈ అనుమానం ఎంతదాకా వెళ్లిందంటే, చాలా ప్రాంతాల్లో మర పనిని పరువు తక్కువ వృత్తిగా లెక్కగట్టారు. మర ఆయన కొడుకు వేరే పని నేర్చుకుందామన్నా చేతివృత్తుల సంఘాలు చేర్చుకునేవి కావు. కొన్ని చోట్ల ఉరికంబానికి నిచ్చెన ఇచ్చే బాధ్యత కూడా వీళ్ల మీదే పెట్టారు. మర ఆయన, నేతగాడు, గొర్రెల కాపరి లాంటి వాళ్ల పిల్లలను సంఘాల్లో చేర్చుకోవాల్సిందేనని 1548లో సామ్రాజ్య శాసనం వచ్చింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1577లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 1731లో ఇంకోసారి! ఒకే మాట మూడుసార్లు శాసనం చేశారంటే కింద పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు.

ప్రష్యా రాజ్యంలో ఓ మర ఆయన కేసు మాత్రం చరిత్రకెక్కింది. ఆయన పేరు క్రిస్టియన్ ఆర్నోల్డ్. వాగుకు ఎగువన ఓ దొర 1770లో చేపల చెరువు తవ్వించాడు. నీళ్లు తగ్గి మర తిరగడం లేదు, కౌలు కట్టలేను అన్నాడు ఆర్నోల్డ్. మరను వేలం వేశారు. కోర్టులు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చాయి. విషయం రాజు రెండో ఫ్రెడరిక్ దాకా వెళ్లింది. పేదవాడికి అన్యాయం చేశారంటూ 1779లో రాజు ఏకంగా జడ్జీలనే జైల్లో పెట్టించాడు. జనం జేజేలు కొట్టారు. కానీ రాజు చనిపోయాక, కొత్త రాజు హయాంలో ఆ జడ్జీలదే తప్పు లేదని తేల్చి గౌరవం తిరిగిచ్చారు. రాజు తీర్పుల్లో వేలు పెట్టొచ్చా అన్న ప్రశ్నకు జర్మనీలో ఇప్పటికీ ఈ కేసునే చెబుతారు.

గమనించారా? మర నడిపిన ఈయన ఇంటిపేరు ముల్లర్ కాదు. అప్పటికే పేరు వేరు, పని వేరు అయిపోయాయి.

మాక్స్ ముల్లర్ ఇంటి కథ

దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్ మనకు బాగా తెలిసిన ఇంట్లోనే ఉంది. 1794లో డెసావ్ పట్టణంలో ఓ దర్జీకి కొడుకు పుట్టాడు. పేరు విల్‌హెల్మ్ ముల్లర్. తండ్రి బట్టలు కుడతాడు, ఇంటిపేరు మాత్రం మర ఆయనది. ఈ విల్‌హెల్మ్ పెద్దయ్యాక కవి అయ్యాడు. బెర్లిన్‌లో ఫ్రెండ్స్ అంతా కలిసి సరదాగా ఓ పాటల నాటకం వేసుకుంటే, ఇంటిపేరు ముల్లర్ కదా అని మరలో పనిచేసే కుర్రాడి వేషం ఈయనకే ఇచ్చారు. ఆ సరదా నుంచే మర కుర్రాడి ప్రేమ మీద ఓ కవితల వరస పుట్టింది. దానికి షూబర్ట్ 1823లో సంగీతం కట్టాడు. ఇప్పటికీ ప్రపంచమంతా పాడుతున్నారు.

అదే 1823లో ఈ కవికి పుట్టిన కొడుకే మాక్స్ ముల్లర్. సాయణుడి భాష్యంతో సహా రుగ్వేదాన్ని 1849 నుంచి 1874 వరకు ఆరు సంపుటాలుగా అచ్చువేయించిన పండితుడు. ఆ సాయణుడు విజయనగర రాజుల కొలువులోని వాడే. మన దేశానికి ఒక్కసారి కూడా రాకుండానే మాక్స్ ముల్లర్ ఈ పని చేశాడు. ఇండియాలో జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ శాఖలను మాక్స్ ముల్లర్ భవన్ అనేది ఈయన పేరు మీదే.

మాక్స్ ఆయన ఇంటిపేరులో భాగం కాదు. ముల్లర్ అనే పేరు మరీ కామన్‌గా ఉంది, జనంలో కలిసిపోతాననుకుని మాక్స్‌ను కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. అంత పెద్ద పండితుడికీ తప్పలేదు ఈ బాధ!

ఇలా తోక తగిలించుకున్న ముల్లర్లు చాలామందే ఉన్నారు. స్విట్జర్లాండ్‌లోని తుర్గావ్ ప్రాంతంలో పుట్టిన వృక్షశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్, తన ఊరి ప్రాంతాన్ని కలుపుకుని ముల్లర్ తుర్గావ్ అయ్యాడు. 1882లో ఆయన సృష్టించిన ద్రాక్ష రకానికీ అదే పేరు. జర్మనీలో ఆ వైన్ ఇప్పటికీ దొరుకుతుంది.

పేరు చాటున మాయమైన నేరస్థుడు

కామన్ పేరు ప్రతిసారీ సరదా కాదు. హిట్లర్ రహస్య పోలీసు సంస్థ గెస్టపోకు అధిపతి హైన్రిష్ ముల్లర్. యూదుల సామూహిక హత్యాకాండను సమన్వయం చేసిన 1942 జనవరి నాటి వాన్‌సే సమావేశంలో కూర్చున్న వాళ్లలో ఒకడు. అదే పేరుతో నాజీ దళంలో ఇంకో జనరల్ కూడా ఉండటంతో, తేడా తెలియడానికి ఇతన్ని గెస్టపో ముల్లర్ అనేవారు.

1945 మే మొదట్లో బెర్లిన్ బంకర్‌లో చివరిసారి కనిపించాడు. ఆ తర్వాత జాడ లేదు. యుద్ధం గెలిచిన దేశాలు వెతకడం మొదలుపెడితే దొరికినవాళ్లు, పట్టుబడినవాళ్లు, చనిపోయినవాళ్ల లిస్టుల్లో బోలెడంత మంది హైన్రిష్ ముల్లర్లు! ఎవరి ఫైలు ఎవరిదో కలగాపులగం అయిపోయింది. బెర్లిన్‌లో అతని పేరున్న ఓ సమాధిని 1963లో తవ్వి చూస్తే ఆ ఎముకలు అతనివి కావని తేలింది. లక్షల మంది చావుకు బాధ్యుడైన మనిషి కోర్టు బోను ఎక్కలేదు. దీనికి పేరు ఒక్కటే కారణం కాదు కానీ, వెతికేవాళ్ల పని మాత్రం చాలా కష్టం చేసింది.

ముల్లర్ అనే మాట జర్మన్‌లో మామూలు మనిషికి మారుపేరు కూడా. మనం ఎల్లయ్య, పుల్లయ్య అన్నట్టు, సగటు మహిళను అక్కడ లీష్‌షెన్ ముల్లర్ అంటారు.

సరిహద్దు దాటితే కొత్త వేషం

ఉత్తర జర్మనీలో ఇదే పేరు మోలర్. బవేరియా వైపు మిల్లర్ కూడా వినిపిస్తుంది. చదువుకున్నవాళ్లు కొందరు పాతకాలంలో స్టైల్‌గా లాటిన్‌లోకి మార్చుకుని మోలిటర్ అయ్యారు. నెదర్లాండ్స్‌లో ముల్డర్, ఇటలీలో మొలినారి, హంగరీలో మోల్నార్, రష్యాలో మెల్నికోవ్.. అందరూ మర వాళ్లే. అమెరికాకు వలస వెళ్లిన ముల్లర్లలో చాలామంది మిల్లర్ అయిపోయారు. మార్చుకోని వాళ్లకు పలకడమే మారిపోయింది. ఎఫ్‌బీఐ డైరెక్టర్‌గా పనిచేసిన రాబర్ట్ ముల్లర్‌ను అక్కడ మల్లర్ అనే పిలుస్తారు. జర్మన్ పాస్‌పోర్టులో పైన చుక్కలతోనే రాసినా, కింద మెషీన్ చదివే లైన్‌లో చుక్కలు ఉండవు. వాటి బదులు ఇంకో అక్షరం చేరుస్తారు. ఒకే పాస్‌పోర్టులో ఒకే పేరు రెండు రకాలుగా కనిపిస్తుంది.

జర్మనీ వెళ్లే మన తెలుగు విద్యార్థులకు ఈ గోల వేరే రకంగా ఎదురవుతుంది. అక్కడి ఫారంలో ఇంటిపేరు గడిని నాఖ్‌నామె అంటారు. అంటే వెనక వచ్చే పేరు. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. కాబట్టి ఏది ఏ గడిలో రాయాలో పాస్‌పోర్టు చూసుకుని రాయడం బెటర్.

ఇక ముల్లర్లకు కొత్త రూల్ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఇదివరకు పెళ్లి తర్వాత జంటలో ఒక్కరే రెండు ఇంటిపేర్లు కలిపి పెట్టుకోగలిగేవారు. 2025 మే 1 నుంచి ఇద్దరూ పెట్టుకోవచ్చు, పిల్లలకూ ఇవ్వొచ్చు. ముల్లర్ పక్కన ఇంకో పేరు చేరితే వెతకడం కాస్త ఈజీ అవుతుంది మరి.

పేరు ఇంతగా నిలబడినా, ఆ పేరు పెట్టిన మరలు మాత్రం మిగల్లేదు. ఒకప్పుడు వేలల్లో ఉన్న పిండి మరలు రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద ఫ్యాక్టరీల పోటీకి వరసగా మూతపడ్డాయి. చిన్న మరలు మూసేస్తే పరిహారం ఇస్తామంటూ 1957లో పశ్చిమ జర్మనీ చట్టమే తెచ్చింది. ఇప్పుడు పెద్ద మిల్లులు వందల్లోనే ఉన్నాయి. ఆ పని నేర్చుకునే కోర్సు సర్టిఫికెట్ మీద కూడా ముల్లర్ అని రాయడం లేదు, ప్రాసెస్ టెక్నాలజిస్ట్ అని అర్థం వచ్చే పొడవాటి పేరు పెట్టారు. మిగిలిన పాత గాలిమరలు, నీటిమరలు చూడాలంటే 1994 నుంచి ఏటా పెంతెకోస్తు పండగ సోమవారం జరిగే మరల దినం దాకా ఆగాలి. ఆ రోజు దేశమంతా వాటి తలుపులు తెరుస్తారు.