మీకు తెలుసా? అమీర్‌పేట అన్నానికి మూడు దేశాల చుట్టరికం

మధ్యాహ్నం ఒంటిగంట అయిందంటే అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మెట్లన్నీ నిండిపోతాయి. సగం మంది మెస్సులకు పరుగెడతారు. గదిలో కుక్కర్ పెట్టి వచ్చినవాళ్లు కర్రీ పాయింట్ దగ్గర పప్పు, సాంబారు కట్టించుకుంటారు. ఎవరి పళ్లెంలో చూసినా ఎక్కువగా సన్నబియ్యమే. అందులో అందరికీ తెలిసిన పేరు సాంబ మసూరి. బియ్యం కొట్లో ‘బీపీటీ’ అంటే చాలు, అదే ఇస్తారు.

బీపీటీ అంటే బాపట్ల. అక్కడి వ్యవసాయ కాలేజీ 1945లో మొదలైంది, హైదరాబాద్ కాలేజీ ఆ మరుసటి ఏడాది. ఈ రెండూ 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కలిశాయి. రాజేంద్రనగర్‌లో దాన్ని 1965 మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు.

ఆ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు బాపట్లలో తయారుచేసిన రకమే బీపీటీ 5204. 1986లో విడుదలైంది. మసూరి అనగానే మైసూరు గుర్తొస్తుంది గానీ, ఆ ఊరితో దీనికి సంబంధం లేదు. మసూరి అన్న పేరు మహసూరి నుంచి వచ్చింది, అది మలేసియా వరి. దాంతోపాటు కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం టీఎన్ 1 కూడా దీని వంశంలో ఉన్నాయి. అంటే మన పప్పన్నంలో మూడు దేశాల గింజ ఉందన్నమాట. బాపట్ల మడుల్లో జరిగిన ఈ పనిని బడిపుస్తకాల్లో పాఠంగా పెట్టాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్‌లో దిగితే, దగ్గర్లోనే సైఫాబాద్ హోంసైన్స్ కాలేజీ. ఇదీ ఆ విశ్వవిద్యాలయం గూటిదే. పేరు చూసి వంటలు, కుట్లు నేర్పే చోటు అనుకుంటే పొరపాటు. ఆహారం, పోషణ, పిల్లల ఎదుగుదల అక్కడ శాస్త్రంగా చదువుతారు. ఇప్పుడు దాని పేరు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ.

విశ్వవిద్యాలయం పేరూ మారుతూ వచ్చింది. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రంతో పాటు అదీ రెండైంది. రంగా వర్సిటీ గుంటూరు దగ్గర లాంకు వెళ్లింది, రాజేంద్రనగర్‌ది ప్రొఫెసర్ జయశంకర్ వర్సిటీ అయింది. మరుసటి ఏడాదే ఇక్కడి నుంచి తెలంగాణ సోనా అనే వరి రకం వచ్చింది. దాని అసలు పేరు ఆర్‌ఎన్‌ఆర్ 15048. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించి, దీని గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలమానం) 51 చిల్లరని తేల్చింది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. షుగర్ ఉన్నవాళ్లు కొట్లో ఈ బియ్యాన్నే అడగడానికి కారణం ఇదే. అలాగని ఎంతైనా తినొచ్చని కాదు, కొలత తప్పకూడదు.

ఈసారి బియ్యం కొనేటప్పుడు బస్తా మీది బొమ్మ చూసి ఊరుకోకండి, రకం అడగండి. ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్, ఎంటీయూ అంటే మారుటేరు, జేజీఎల్ అంటే జగిత్యాల. మీరు తినే అన్నం ఏ ఊరి పరిశోధనో ఆ మూడక్షరాలే చెబుతాయి.