సూటిగా చెబితే తప్పేముంది?



మన ఇళ్ళలో సగం మాటలు సూటిగా వుండవు, ఔనంటారా? “కూరలబండి వచ్చినట్టుందే” అంటే ఎవరైనా సంచీ పట్టుకుని వెళ్ళమని అర్థం. “అబ్బ, నడుం పట్టేసింది” అంటే ఆ బిందె కాస్త అందుకోమని. ఎదుటివాళ్ళు మన మొహం చూసి, గొంతు విని, మనసులో మాట పట్టేసుకుంటారు. అలా పట్టుకోవడం కూడా మెదడు చేసే పనేననీ, ఒక జబ్బులో అది దెబ్బతింటుందనీ నాకు చాలాకాలం తెలియలేదు.

మా చిన్న మరిదికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రీనియా వచ్చింది. సినిమాల్లో చూపించే “ఒకే మనిషిలో ఇద్దరు” ఇది కాదు. ఎవరో తిడుతున్నట్టు చెవిలో గొంతులు వినిపించేవి. మందులు పడ్డాక అవి తగ్గాయి. గండం గడిచింది, ఇక మామూలు మనిషే అనుకున్నాం.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. “గ్యాసు అయిపోయిందయ్యా” అని వంటింట్లోంచి అంటే, “అవునా వదినా” అని కుర్చీలోనే కూర్చునేవాడు. పక్కింటి పెద్దాయన పోతే పరామర్శకు వచ్చి, అందరూ ఏడుస్తూ వుంటే “కాఫీ ఎప్పుడిస్తారు?” అన్నాడు. “బద్ధకం, లెక్కలేనితనం” అని నేను నలుగురిలో దెప్పాను. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏదో ఆలోచనలో వుంటే, “నామీద కోపం ఎందుకు వదినా?” అన్నాడు. కోపం లేదంటే నమ్మలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ సంగతులన్నీ డాక్టరమ్మగారితో చెప్పాను. ఆవిడ ఓపిగ్గా వివరించారు. ఈ జబ్బులో చాలామందికి ఎదుటివారి మొహంలో భావం గుర్తించడం కష్టమవుతుంది. ఏ భావమూ లేని మొహంలో కూడా కొందరికి కోపం కనిపిస్తుంది. మాట వెనక మాట అందదు. ఎక్కడ ఎలా మసలుకోవాలో వెంటనే తోచదు. అంతేగాని ప్రేమ లేక కాదు, పొగరూ కాదు. గొంతులను తగ్గించే మందులు ఈ లోపాన్ని అంతగా సరిచేయలేవు. స్నేహాలు నిలవడం, ఉద్యోగం చేసుకోవడం మాత్రం కొంతవరకు దీనిమీద ఆధారపడతాయి.

దీన్ని కనిపెట్టే పరీక్షలూ వున్నాయి. చిన్న కథ చెప్పి, అందులో ఫలానా మనిషి మనసులో ఏముందో చెప్పమంటారు. మన దేశపు అలవాట్లకు తగిన పరీక్షలను బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు రూపొందించి, 2011లో ప్రకటించారు. మొహాల ఫోటోలు చూపించి, సంభాషణలు ఆడించి నేర్పితే కొంత మెరుగుపడుతుందట.

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి విని తల దించుకున్నాను. దెప్పిపొడుపులు ఎక్కువగా వుండే ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన, ఆయనతో పనిచేసినవారు ఏనాడో గమనించారు. 1987లో వెలువడిన చండీగఢ్ పరిశీలనలో, అక్కడి కుటుంబాల్లో లండన్‌లోకన్నా దెప్పడం తక్కువనీ, జబ్బు తిరగబెట్టడమూ తక్కువనీ తేలింది. అంటే ఇంటివాళ్ళ నోరు కూడా మందులో భాగమే!

అప్పట్నుంచి మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. పని వుంటే పేరుపెట్టి పిలిచి, ఒక్కసారికి ఒక్కటే చెబుతాం: “గ్యాసు అయిపోయింది. నువ్వు ఇప్పుడే సిలిండరుకు ఫోన్ చెయ్యి.” నా మొహం వాడిపోయి వుంటే, “తలనొప్పిగా వుంది, నీమీద కోపం కాదు” అని ముందే చెప్పేస్తాను. పెళ్ళికో, పరామర్శకో వెళ్ళేముందు అక్కడ ఏం జరుగుతుందో, ఎంతసేపు వుంటామో చెబుతాం. పొరపాటు చేస్తే నలుగురిలో అనం. ఇంటికొచ్చాక నెమ్మదిగా చెబుతాం. అర్థం కాకపోతే అడగమన్నాం, అడిగితే విసుక్కోం. డాక్టరు చెప్పకుండా మందు మానం.

మీ ఇంట్లోగాని, ఎరిగినవాళ్ళలోగాని ఇలాంటివారుంటే మానసిక వైద్యులకు చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వంవారి టెలి మానస్ వుంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే సలహా చెబుతారు.

మా మరిది జబ్బు పూర్తిగా పోలేదు. ఒక జిరాక్సు షాపులో ఒంటిపూట పని చేస్తున్నాడు. మొన్న మబ్బు పడితే అలవాటుకొద్దీ, “వర్షం వచ్చేట్టుంది” అన్నాను. కాసేపు నా మొహంకేసి చూశాడు.

“బట్టలు తియ్యమనా, వదినా?”

“ఔనయ్యా” అన్నాను. వెళ్ళి తీసుకొచ్చాడు.