అద్దె సైకిలు నుంచి ఒలింపిక్స్ మైదానానికి..

ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ ఆటగాడి జీవితం స్వల్పకాలికం. వేగం, దమ్ము, గోలుపై గురి.. ఈ మూడూ ఒక్కచోట కుదిరే కాలం కొన్నేళ్లు మాత్రమే. అందులో తొలి రెండు మూడు సంవత్సరాలు వృథా అయితే ఎంతటి ప్రతిభ ఉన్నా మరుగున పడిపోవలసిందే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ సమీపంలోని అమ్ముగూడలో పుట్టి, రెండు ఒలింపిక్స్‌లలో దేశానికి ప్రాతినిధ్యం వహించిన తులసీదాస్ బలరాం తొలినాళ్లను పరిశీలిస్తే ఈ వాస్తవం తేటతెల్లమవుతుంది. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసిన ఈ మేటి ఆటగాడి పేరు బెంగాల్‌లో మారుమోగినంతగా సొంతగడ్డపై వినిపించకపోవడం విచారకరం.

పాత తోలుతో బూట్లు

బలరాం 1936లో పేద తమిళ కుటుంబంలో జన్మించారు. సైనిక స్థావరాలు నెలకొన్న ప్రాంతం కావడంతో బొల్లారం, తిరుమలగిరి, లాల్‌బజార్ పరిసరాలలో ఫుట్‌బాల్ అందరికీ పరిచితమైన ఆట. ఖాళీ స్థలం, బంతి ఉంటే చాలు, పిల్లలు ఉత్తి కాళ్లతోనే ఆడేవారు. బలరాం ఆట నేర్చుకున్నదీ అలాగే.

అయితే ఆ రోజులలోనే ఆట తీరు మారుతోంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. ఆ పరాభవం తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. అంటే బూట్లు కొనుక్కోలేని కుర్రవాడికి పెద్ద ఆటకు దారి మూసుకుపోయినట్లే. కొత్త జత కొనే స్తోమత లేని బలరాం, పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్ల తోలుతో ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నారు. తన ఆటకు అదే తొలి పెట్టుబడి అని ఆయన తదనంతర కాలంలో గుర్తుచేసుకునేవారు.

రహీం కంటపడిన వేళ

అప్పట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు సయ్యద్ అబ్దుల్ రహీం పెద్దదిక్కు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన 1950 నుంచి 1963 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడిగా వ్యవహరించారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. జాతీయ జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయనదే.

పేరున్న క్లబ్బుల ఆటగాళ్లతోనే రహీం సరిపెట్టుకోలేదు. స్థానిక మ్యాచ్‌లకు వెళ్లి కుర్రవాళ్ల ఆటను స్వయంగా గమనించేవారు. అలా ఒక మ్యాచ్‌లో బలరాం ఆయన దృష్టిలో పడ్డారు. నగరానికి వచ్చి శిక్షణలో పాల్గొనవలసిందిగా రహీం సూచించారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్‌కు రోజూ రాకపోకలు సాగించే స్తోమత తనకు లేదని బలరాం చెప్పారు. సమస్య ప్రతిభది కాదు, దారిఖర్చులది అని గ్రహించిన రహీం, అద్దె సైకిలుకు అయ్యే డబ్బు తానే సమకూర్చారు. రోజూ సైకిలు తొక్కుకుంటూ శిక్షణకు వచ్చిన ఆ యువకుడికి హైదరాబాద్ జట్టులో చోటు దక్కింది. 1956-57 సంతోష్ ట్రోఫీని ఆ జట్టు కైవసం చేసుకుంది.

1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లే భారత జట్టుకు బలరాం ఎంపికయ్యారు. ఆ పోటీలలో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించిన భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత జట్టుకు నేటికీ అదే అత్యుత్తమ స్థానం. అప్పటికి బలరాం వయస్సు 20 ఏళ్లు.

ఎడమ అంచుకు మార్పు

1957లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో అడుగుపెట్టారు. ఆనాటి పద్ధతిలో జట్టుకు ఐదుగురు ఫార్వర్డులు ఉండేవారు. ఇద్దరు అంచులలో, ఇద్దరు లోపలి వైపు, ఒకరు మధ్యన ఆడేవారు. బలరాం లోపలి వైపు ఆడడంలో దిట్ట. అయితే జాతీయ జట్టులో అదే స్థానానికి చునీ గోస్వామి ఉన్నారు. ఇద్దరిలో ఒకరిని పక్కనపెట్టడానికి బదులు, బలరాంను రహీం ఎడమ అంచుకు మార్చారు. కుడి అంచున పి.కె.బెనర్జీ ఉండగా, ఈ ముగ్గురి కలయిక భారత దాడికి వెన్నెముకగా మారింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై, పెరూపై భారత్ చేసిన ఏకైక గోళ్లు రెండూ బలరాంవే. 1961లో ఆయన నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ విజేతగా నిలిచింది. ఆ లీగ్‌లో 23 గోళ్లు చేసిన బలరాం అగ్రస్థానం దక్కించుకున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన జట్టులోనూ ఆయన సభ్యులు. థాయ్‌లాండ్, జపాన్‌లపై ఆయన గోళ్లు చేశారు. అదే సంవత్సరం అర్జున పురస్కారం లభించింది.

ఏడేళ్లకే తెర

1963లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చే ప్లూరసీ వ్యాధి బలరాంను మైదానానికి దూరం చేసింది. ఆటకు స్వస్తి చెప్పేనాటికి ఆయన వయస్సు 27 ఏళ్ల లోపే. అదే సంవత్సరం జూన్‌లో రహీం కూడా కేన్సర్‌తో మరణించారు.

మెల్‌బోర్న్ నుంచి వీడ్కోలు వరకు లెక్కిస్తే బలరాం అంతర్జాతీయ జీవితం ఏడేళ్లే. సైకిలు అద్దె దొరకక 1956 చేజారి ఉంటే ఆ ఏడేళ్లలో ఎంత మిగిలేదో ఊహించుకోవచ్చు. వెలుగులోకి ఆలస్యంగా వచ్చిన ఫార్వర్డ్‌కు పోయిన కాలం తిరిగి రాదు.

జిల్లాలకు పాఠం

బలరాం ఎదుగుదలకు నాలుగు అంశాలు దోహదపడ్డాయి. ఊరికి దగ్గరలో తరచుగా మ్యాచ్‌లు జరగడం, ఎలాగోలా కాళ్లకు బూట్లు సమకూరడం, మ్యాచ్ చూసి ప్రతిభను గుర్తించే గురువు ఉండడం, శిక్షణకు వెళ్లి రావడానికి ఖర్చులు అందడం. వీటిలో పెద్ద మొత్తంలో డబ్బు అవసరమైనది ఒక్కటీ లేదు. కానీ ఏ ఒక్కటి లోపించినా గొలుసు తెగిపోయేది.

తెలుగు నేలపై ఆ గొలుసు పూర్తిగా తెగిపోలేదు. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టు ఫార్వర్డ్‌గా ఎదిగి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఎంపిక కావడం ఇందుకు నిదర్శనం. గ్రామాలలో, తండాలలో బంతి వెంట పరుగెత్తే పిల్లలకు కొదవ లేదు. పెద్ద స్టేడియం కట్టేదాకా ఆగకుండా, మండలస్థాయిలో క్రమం తప్పకుండా పోటీలు జరిపించి, ఎంపికైన పిల్లలకు బస్సుచార్జీలు, బూట్లు సకాలంలో అందిస్తే చాలు. అమ్ముగూడ కుర్రవాడికి ఆనాడు అందినది కూడా అంతే.