హెలికాప్టర్ ఎగరేయాలంటే ముందు నేల చూసుకోవాలి

హెలికాప్టర్ అనగానే మన ఊళ్లలో అందరికీ ఎన్నికల సభలే గుర్తుకు వస్తాయి. జూనియర్ కాలేజీ గ్రౌండులో సున్నంతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో 'హెచ్' అక్షరం రాసి, చుట్టూ తాడు కట్టి, దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లిన తర్వాతగానీ అది కిందికి దిగదు. ఆ హంగామా అంతా నాయకుడి కోసమేనని మనం అనుకుంటాం. నిజానికి అందులో సగం ఆ యంత్రం కోసమే. తిరిగే రెక్క ఉన్నచోట మనిషి దూరంగా ఉండాలి, నేల శుభ్రంగా ఉండాలి, పైన తీగలు ఉండకూడదు. చేతిలో రిమోట్ పట్టుకుని ఎగరేసే చిన్న హెలికాప్టర్‌కు కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి.

మన హాస్టల్ పాత విద్యార్థులం ఐదుగురం కలిసి, జీతాల్లోంచి తలా కొంత వేసుకుని ఒక రిమోట్ హెలికాప్టర్ కొనుక్కున్నాం. ఆదివారాలు ఎగరేస్తున్నాం. పండుగ సెలవుల్లో కలిసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు "అన్నా, మా ఊళ్లో ఎక్కడ ఎగరేయొచ్చు?" అని అడుగుతున్నారు. "ఏది కొనాలి?" అని అడిగేవారికంటే "ఎక్కడ ఎగరేయాలి?" అని అడిగేవారే సగం విద్య నేర్చుకున్నట్టు లెక్క. ఆ ప్రశ్నకు ఈ వార్షికోత్సవ సంచికలో మాకు తెలిసినంతవరకు జవాబు చెప్పదలచుకున్నాం.

ఇది బొమ్మ కాదు

జాతరలో దొరికే అరచేతి హెలికాప్టర్‌కు మైదానం అక్కర్లేదు. బల్లలు తీసేస్తే మన డైనింగ్ హాలే చాలు. మేం చెప్పేది రెక్కల కోణాన్ని మార్చుకుంటూ పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ పోగల అసలైన మోడల్ హెలికాప్టర్ గురించి. పెద్ద రెక్కలు ఒక దిక్కుకు తిరుగుతుంటే న్యూటన్ మూడో సూత్రం ప్రకారం హెలికాప్టర్ దేహం రెండో దిక్కుకు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక చివర చిన్న రెక్క ఉంటుంది. ఆ చిన్న రెక్క గడ్డిపరకకు తగులుకున్నా హెలికాప్టర్ గిర్రున తిరిగి పడిపోతుంది.

పదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసి చూడండి. మొదట చాలామంది కొనే సైజులో పెద్ద రెక్కల వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. ఒక్క చుట్టులో రెక్క కొస 3.14 × 0.7, అంటే దాదాపు 2.2 మీటర్లు పోతుంది. నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే 5,500 మీటర్లు. గంటకు 330 కిలోమీటర్లు! మొత్తం బరువు కిలోకు లోపే కావచ్చు, కానీ ఆ వేగంతో తిరిగే రెక్క చేతివేళ్లను, కంటిని వదలదు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే మైదానం విషయంలో ఎందుకింత పట్టుదల అని ఎవరూ అడగరు.

ఎంత చోటు కావాలి?

"ఎకరం చాలదా?" అని చాలామంది అంటారు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు కూడా ఉండదు. హెలికాప్టర్ సునాయాసంగా గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే సెకనుకు 16 మీటర్ల పైమాటే. ఆ పక్క నుంచి ఈ పక్కకు రావడానికి నాలుగు సెకన్లు పట్టదు.

ఇంకో లెక్క దీనికంటే ముఖ్యమైనది. 40 మీటర్ల ఎత్తులో ఎగురుతుండగా బ్యాటరీ తెగిపోయిందనుకోండి. నేలకు చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అంతకుముందున్న వేగంతోనే ముందుకు పోతూ పడుతుంది కాబట్టి ఆ 3 సెకన్లలో 50 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక ఎగరేసే జాగాకు ఎడమ, కుడి, ఎదుట 50 మీటర్ల చొప్పున మనుషులు, పశువులు లేని నేల ఉండాలి. 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల లోతు ఉన్న జాగా మీద ఎగరేస్తే, అంటే దాదాపు ఎకరం పది గుంటల మీద ఎగరేస్తే, ఈ అంచులన్నీ కలిపి 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, మొత్తం ఐదెకరాలు లెక్కకు వస్తాయి. ఐదెకరాలూ చదునుగా ఉండనక్కరలేదు. ఖాళీగా ఉంటే చాలు. ఎగరేసేవాడి తల మీదుగా వెనక్కి మాత్రం ఎన్నడూ రానివ్వకూడదు. చూడవచ్చినవారు 30 మీటర్ల వెనక నిలబడాలి.

2022లో తెలంగాణ ఊళ్లలో ఏర్పాటు చేసిన క్రీడా ప్రాంగణాలు చాలావరకు ఎకరం అటూ ఇటూగా ఉంటాయి. అవి పిల్లలు ఆడుకోవడానికే. హెలికాప్టర్‌కు సరిపోవు.

మేం చూసిన మూడు జాగాలు

మొదటిది కాలేజీ గ్రౌండు. నేల చదును, దారి దగ్గర. కానీ పొద్దున నడకకు వచ్చేవారు, క్రికెట్ ఆడే పిల్లలు, గోడ అవతల మెయిన్ రోడ్డు. హెలికాప్టర్ మోత వినగానే పిల్లలు పరుగెత్తుకుని దగ్గరికి వస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, ఆ వయసులో మనమూ అంతే. మనుషులు వచ్చిచేరే చోటు ఎంత చదునుగా ఉన్నా మంచి చోటు కాదని దాన్ని వదిలేశాం.

రెండోది చెరువు శిఖం. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక విశాలంగా, కంటికి అడ్డం లేకుండా ఉంటుంది. కానీ నల్లమట్టి ఎండి బెత్తెడు వెడల్పున నెర్రెలు బారింది. దిగేటప్పుడు హెలికాప్టర్ కాలు నెర్రెలో పడితే పక్కకు ఒరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది. పైగా సాయంత్రం బర్రెలు, గొర్రెలు నీళ్లకు వచ్చేదీ ఆ దారినే. వానలు పడితే ఆ జాగాయే ఉండదు.

మూడోది ఊరికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న చెలక. వానాకాలం పంట తీశాక దున్నకుండా వదిలేశారు. చుట్టుపక్కల చెలకలు కూడా ఖాళీయే. నడుమ పాత కల్లం ఉంది. పదేళ్లు బంతి తిప్పి, పేడతో అలికిన నేల కాబట్టి గచ్చులా గట్టిపడింది. దుమ్ము లేవదు, గులకరాళ్లు ఎగరవు. ఎగరేయడానికీ దించడానికీ అంతకంటే మంచి జాగా డబ్బు పెట్టి కట్టించినా దొరకదు. కల్లం లేనిచోట నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క తీసుకుపోతే సరిపోతుంది. వరి కొయ్యకాళ్లలో, పత్తి కట్టెల్లో దించితే తోక రెక్క దక్కదు.

అయితే ఆ చెలకలో కూడా మేం ముందుగా ఖాళీ చేతులతో మూడుసార్లు తిరిగి చూశాం. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం, ఒకసారి అంగడి రోజున. అంగడి రోజున పక్క డొంక నిండా మనుషులే. కాబట్టి ఆ రోజు ఎగరేయకూడదని నియమం పెట్టుకున్నాం.

ప్రాణం మీదికి వచ్చేవి

ఎగరేసేవాడి కళ్లు ఆకాశం మీద ఉంటాయి, కాళ్లు తెలియకుండానే వెనక్కి నడుస్తాయి. మన చెలకల్లో చుట్టూ గోడలేని వ్యవసాయ బావులు, మూత వేయని బోరు గుంతలు ఉంటాయన్న సంగతి మనకు కొత్త కాదు. నిలబడే చోటుకు 50 మీటర్ల లోపు బావి ఉంటే ఆ జాగా వద్దు. ఎగరేసేవాడి పక్కన ఇంకొకరు నిలబడి నేలను, మనుషులను చూస్తూ ఉండాలి. ఒంటరిగా ఎగరేయడం మాలో ఎవరూ చేయరు.

రెండోది కరెంటు. మోటార్లకు పోయే తీగలు చాలాచోట్ల చేతికందేంత కిందికి వేలాడుతుంటాయి. దూరం నుంచి తీగ కంటికి ఆనదు. కాబట్టి స్తంభాలను చూసి, వాటి మధ్య తీగ ఉన్నట్టే లెక్క వేసుకోవాలి. హెలికాప్టర్ తీగ మీదో, ట్రాన్స్‌ఫార్మర్ మీదో పడితే అది పోయిందనుకోవాలి. కట్టెతో తీయబోవద్దు, స్తంభం ఎక్కవద్దు, "ఇప్పుడు కరెంటు లేదు కదా" అని మోసపోవద్దు. లైన్‌మన్‌కు చెప్పి ఆయన తీసిచ్చేదాకా ఆగాలి. హెలికాప్టర్ ఇంకోటి కొనుక్కోవచ్చు. మనల్ని హాస్టల్లో చేర్పించి, కూలికి పోయి ఎదురుచూసే అమ్మకు ఇంకో కొడుకునో బిడ్డనో కొనివ్వలేం.

మూడోది నిప్పు. వీటిలో వాడే లిథియం బ్యాటరీ నేలకు గట్టిగా కొట్టుకుంటే కాసేపటికి మండవచ్చు. ఎండిన గడ్డి, గడ్డివాము, పత్తి కుప్ప దగ్గర ఎగరేయకూడదు. బకెట్ ఇసుక, బిందెడు నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. మన సరదాకు ఒక రైతు ఏడాది మేత కాలిపోకూడదు.

ఎండ, గాలి

సూర్యుడు ఎప్పుడూ వీపు వెనక ఉండాలి. పొద్దున తూర్పు గట్టున నిలబడి పడమరకు చూస్తూ, సాయంత్రం పడమటి గట్టున నిలబడి తూర్పుకు చూస్తూ ఎగరేయాలి. రెండు గట్లమీదా నిలబడే వీలున్న చేను దొరికితే రెండు పూటలా పనికొస్తుంది. పెద్ద చెట్లు నీడకు మంచివే గానీ, గాలి వాటిని దాటి వచ్చేటప్పుడు సుళ్లు తిరుగుతుంది. చెట్లకు దూరంగా ఎగరేయాలి. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా గాలి నిలకడగా ఉంటుంది. ఎండ ముదిరితే గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, మోటారూ వేడెక్కుతుంది. ఉరుము వినబడితే సర్దుకుని రావాల్సిందే.

చట్టం ఏమంటుంది?

2021 ఆగస్టులో వచ్చిన కేంద్ర డ్రోన్ నిబంధనల పరిధిలోకి మన హెలికాప్టర్ కూడా వస్తుంది. 25 కిలోలు మించకుండా, చదువుకో వినోదానికో మాత్రమే, కంటికి కనిపించే దూరంలో నడిపేవాటిని ఆ నిబంధనలు మోడల్ విభాగంగా గుర్తిస్తాయి. 2 కిలోల లోపు ఉన్నదాన్ని వ్యాపారానికి కాకుండా నడిపితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నియమాలను మాత్రం కొనేముందే చదువుకోవాలి.

ఆకాశాన్ని పటంలో మూడు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ ప్రాంతంలో 120 మీటర్ల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 – 12 కిలోమీటర్ల మధ్య ఉంటే ఆ ఎత్తు 60 మీటర్లే. పసుపు ప్రాంతానికి విమాన నియంత్రణ అధికారుల అనుమతి కావాలి, ఎరుపు ప్రాంతానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన మిత్రులకు ఇదే పెద్ద చిక్కు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టూ వలయాలు గీస్తే నగరంలో చాలా భాగం వాటిలోకే వస్తుంది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి గనుక బేగంపేట మూతపడిందని అనుకోవద్దు, అక్కడ విమానాలు ఇప్పటికీ దిగుతున్నాయి. పెద్ద సభలు, జాతరలు జరిగేటప్పుడు ఏ ప్రాంతాన్నైనా తాత్కాలికంగా ఎరుపు చేయవచ్చు. అందుకే బయలుదేరే ప్రతిసారీ పటం చూడాలి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచాలి.

అడిగి అడుగు పెట్టాలి

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివరికి ఉంచాం. మనలో చాలామందికి సొంత భూమి లేదు. మన తల్లిదండ్రులు ఇతరుల చేలల్లో పనిచేసి మనల్ని చదివించారు. ఎవరి గట్టు మీద అడుగుపెట్టాలన్నా కొన్నిచోట్ల మనకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అలాగని దొంగచాటుగా ఎగరేయడం మనకు తగదు. నిలబడి, పేరు చెప్పి, పని చెప్పి, మర్యాదగా అడగాలి. 'వద్దు' అంటే నమస్కారం పెట్టి ఇంకో చోటు చూసుకోవాలి.

పట్టాదారు ఒకరు, కౌలుకు చేసేవారు ఇంకొకరు కావచ్చు. పట్నంలో ఉండే పట్టాదారు ఫోనులో సరేనన్నంత మాత్రాన సరిపోదు. ఆ నేల మీద చెమటోడ్చే కౌలు రైతును కూడా అడగాలి. మా చెలక కౌలు రైతు అంతా విని, "ఎగిరేసుకోండ్రి బిడ్డా. మా బర్రెలు బెదరకుంట జూడుండ్రి. బెదిరితే సాయంత్రం పాలు చేపయి" అన్నాడు. ఆ మాటతో పాలు పిండే వేళకు ముందే ముగించడం అలవాటు చేసుకున్నాం. కోళ్ల ఫారం దగ్గరైతే అసలే వద్దు. మోతకు కోళ్లు ఒక మూలకు గుంపుపడి, ఊపిరాడక చస్తాయి.

ఎగరేసిన తర్వాత విరిగిన ముక్కలు, టేపులు, సంచులు ఏరుకుని రావాలి. రెక్క ముక్క మేతలో కలిస్తే పశువు కడుపులోకి పోతుంది.

బయలుదేరే ముందు

1. పటంలో రంగు చూశామా?
2. పట్టాదారును, కౌలు రైతును అడిగామా? హాస్టల్ విద్యార్థులైతే వార్డెన్ సారు అనుమతి తీసుకున్నారా?
3. బావి, తీగ, గడ్డివాము, కోళ్ల ఫారం ఎంత దూరంలో ఉన్నాయి?
4. మూడు పక్కలా 50 మీటర్లు ఖాళీయేనా?
5. పక్కన నిలబడే తోడు, ఇసుక, నీళ్లు, మందుల డబ్బా ఉన్నాయా?
6. కింద పడితే ముందు రిమోట్‌లో మోటారు ఆపి, రెక్కలు నిలిచాకే దగ్గరికి పోవాలని అందరికీ చెప్పామా?

వీటిలో ఒక్కదానికి 'లేదు' అని జవాబు వచ్చినా ఆ రోజుకు ఎగరేయడం మానుకోవాలి.

కొనే స్తోమత ఇప్పుడు లేదని తమ్ముళ్లు, చెల్లెళ్లు దిగులు పడవద్దు. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీలో చేరితే ఏరోమోడలింగ్ అక్కడి శిక్షణలో భాగమే. కంప్యూటర్ మీద సిమ్యులేటర్‌తో నేర్చుకుంటే ఎన్నిసార్లు పడినా రూపాయి ఖర్చు లేదు. జాగా వెతకడానికైతే హెలికాప్టరే అక్కర్లేదు. ఈ సెలవుల్లో మీ ఊరి చుట్టూ నడవండి, అడుగులతో కొలవండి, బావులు, తీగలు నోట్‌బుక్‌లో గీయండి. అది పూర్తిచేసి వచ్చినవారికి మా రిమోట్ చేతికిచ్చి నేర్పించే బాధ్యత మాది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్నలు, పూర్వ విద్యార్థులు